కొత్త జనరేటరూ, వదిన బోటి కూరా

కరెంటు పోయినప్పుడు ఎవరూ నోరు మెదపక, వచ్చినప్పుడు మాత్రం వీధి పిల్లలంతా ఒక్కసారిగా కేకలు వేసిన కాలం ఒకటుండేది. మా వికారాబాదులో ఆ కేక వినబడితే చాలు, ఆడవాళ్లు మిక్సీల దగ్గరికి, మగవాళ్లు మోటారు స్విచ్చుల దగ్గరికి పరుగెత్తేవారు. ఈ సంగతి మొన్న మా అబ్బాయికి చెబితే, మరి అప్పుడు వైఫై ఎట్లా నడిచేదని అడిగాడు. మా ఇంట్లో అప్పుడు నడిచేవి మనుషులు, మేకలు మాత్రమేనని చెప్పి ఊరుకున్నాను. ఆ రోజుల్ని తలుచుకుని అందరిలాగే నేనూ నవ్వుకునేవాణ్ని. నవ్వుకుని ఊరుకోకుండా, మా ఇంట్లో జరిగిన జనరేటర్ కథను పెళ్లిళ్లలో, రైళ్లలో, టీ కొట్ల దగ్గర చెప్పి చాలామందిని నవ్వించాను కూడా. ఆ కథలో మా వదిన వండిన బోటి కూర తిని (మేక పేగులు, పొట్ట కడిగి వండే కూర, తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను) ఒక రిసార్టు మేనేజరు వాంతులు చేసుకుంటూ వాకిట్లో కూలబడతాడు. మీలో ఎవరైనా ఆ కథ విని ఉంటే దయచేసి మరిచిపోండి. అది తప్పు కథ. ఇప్పుడు రాస్తున్నది అసలు కథ. మధ్యమధ్యలో నన్ను నేను కాస్త మంచివాడిగా దిద్దుకోవాలని చెయ్యి లాగుతుందని తెలుసు. లాగినా సరే, ఉన్నదున్నట్టే రాయాలని గట్టిగా అనుకుని కూర్చున్నాను.

మాది గొర్రెలు కాసే కుటుంబం. నాయిన వయసులో ఉన్నప్పుడు ధారూర్ చేలల్లో, కోట్‌పల్లి ప్రాజెక్టు ఒడ్డున మందను తోలుకుని తిరిగినవాడు. మోకాళ్లు మొరాయించాక మందను అమ్మేసి, వికారాబాదు చివర ఒక చిన్న ఇంట్లో నాలుగు మేకలతో స్థిరపడ్డాడు. ముందు అర్ర, నడిమి అర్ర, దాని వెనక వంటిల్లు, ఆ వెనక పెరడు, అంతే ఆ ఇల్లు. అన్న లారీ డ్రైవరు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది కాబట్టి, వదిన కాపురానికి వచ్చాకే మా ఇంట్లో వేళకు అన్నం దొరకడం మొదలైంది. (అంతకుముందు నాయిన వండిన పప్పును మేకలు కూడా వాసన చూసి వెళ్లిపోయేవి.) నేను తాండూరులో బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ని. పొద్దున రైలెక్కి పోయి, సాయంత్రం రైలుకు తిరిగి వచ్చేవాణ్ని. సూపర్‌వైజర్ పని ఏమిటంటే, కూలీలు బండల్ని లారీలోకి ఎక్కిస్తుంటే పక్కన నిలబడి 'మెల్లగ, మెల్లగ' అనడం. మిషన్లకూ నాకూ ఉన్న సంబంధం అంతే. కానీ తల నిండా రాతి పొడితో ఇంటికి వచ్చేవాణ్ని కాబట్టి, ఆ పొడిని చూసి ఇంట్లోవాళ్లు నన్ను మిషన్ల మనిషి అనుకున్నారు. నేను తల దులుపుకోలేదు.

వదిన చేతి బోటి సంగతి మా వాడకట్టులో తెలియనివాళ్లు లేరు. పొయ్యి మీద అది ఉడుకుతున్నదంటే చుట్టుపక్కల ఇళ్లలోంచి ఖాళీ గిన్నెలు వాటంతట అవే వచ్చేవి. జనరేటర్ కొన్న యేడు అనంతగిరి గుట్ట మీద ఒక కొత్త రిసార్టు పెట్టారు. ఇప్పుడది లేదు. పట్నం నుంచి వచ్చేవాళ్లు పల్లె వంట అడుగుతున్నారని, వారం వారం వండి పంపే మనిషి కోసం అక్కడి మేనేజరు వెతుకుతుంటే, వాళ్ల తోటలో పనిచేసే ఒకామె మా వదిన పేరు చెప్పింది. మేనేజరు ఫోనులో అన్నీ అడిగాడు. చివరికి, గంటలు గంటలు కరెంటు పోతే మీ ఫ్రిజ్‌లో మాంసం గతేమిటి, బ్యాకప్ ఏమైనా ఉందా అన్నాడు. వదిన 'ఉన్నది సార్' అంది. వచ్చే సోమవారం మధ్యాహ్నం వచ్చి వంట రుచి చూస్తానని, ఆ బ్యాకప్ కూడా చూస్తానని చెప్పాడు. ఫోను పెట్టేసి వదిన నా వైపు చూసింది.

“మర్దీ, గీ ఆర్డర్ దొరికితే మీ అన్నను లారీ దింపిస్త,” అన్నది. “ఎప్పుడు జూసినా రోడ్డు మీదనే ఉంటడు. మొన్న ఇంటికొస్తే నా బిడ్డ వాళ్ల నాయినకు చాప పరిచి, చాయ తాగుతవా అని అడిగింది. ఇంటికొచ్చిన సుట్టానికి అడిగినట్టు.”

ఆ మాటకు నవ్వబోయి, నవ్వకుండా ఆగాను. ఫికర్ చెయ్యకు వదినా, నేను చూసుకుంటానన్నాను. ఆ క్షణాన నా అంత పట్టుదల గల మనిషి తాండూరు నుంచి వికారాబాదు దాకా రైలు పట్టాల వెంబడి ఎక్కడా లేడనుకుంటాను. మరునాటి నుంచే విచారణ మొదలుపెట్టాను. ఇన్వర్టర్ చాలని ఒకరన్నారు. బ్యాటరీ నిండడానికైనా కరెంటు ఉండాలి కదా, మనకు వచ్చే కరెంటుకు అది సగం కడుపుతోనే ఉంటుందని ఇంకొకరన్నారు. చేత్తో మోసుకుపోయే చిన్న పెట్రోలు జనరేటరే మేలన్నారు. ఫ్రిజ్ నడిచేటప్పుడు తక్కువే తీసుకుంటుంది గానీ మొదలయ్యే ఆ ఒక్క క్షణం అంతకు మూడింతలు గుంజుతుందని కూడా రైల్లో ఎవరో అంటే విన్నాను. ఆ ఒక్క ముక్కనూ ఇంటికి తెచ్చి రోజుకొకసారి అన్నం దగ్గర చెప్పేవాణ్ని. వదిన భక్తిగా వినేది. నాయిన మాత్రం, మొదట్లో అట్లా గుంజులాడినవే తర్వాత మందలో మంచిగా నడుస్తాయని తలూపేవాడు.

ఆదివారం నాయినను వెంటబెట్టుకుని తాండూరు బజారుకు పోయాను. మోటార్లు, పంపుసెట్లు అమ్మే దుకాణం. సేఠు రెండు జనరేటర్లు బయట పెట్టించాడు. ఒకటి చిన్నది, మూత వేసిన సూట్‌కేసులా నున్నగా ఉంది. ఇంకొకటి ఇనుప చట్రంలో ఇరికించిన ఇంజను, చూడగానే ఎవరితోనో కొట్లాటకు పోతున్నట్టుంది. నేను సేఠుతో వాట్ల గురించి మాట్లాడుతుంటే నాయిన తన పద్ధతిలో పరీక్ష మొదలుపెట్టాడు. ముందు దూరంగా నిలబడి చూశాడు. తర్వాత చుట్టూ తిరిగాడు. నడుము మీద బొటనవేలుతో నొక్కాడు (పొట్టేలుకు కండ ఉందో లేదో అట్లాగే చూస్తారు). ఒక కాలు ఎత్తి కింద రబ్బరు బిళ్ల చూశాడు. పెట్రోలు మూత తీయించి లోపలికి తొంగిచూశాడు. అక్కడ పళ్లు కనబడలేదు కాబట్టి మళ్లీ మూసేశాడు. దుకాణం ముందు పోయేవాళ్లు ఆగి మరీ చూస్తుంటే నేను ఆయన నాకు తెలియనట్టు కాస్త పక్కకు జరిగాను.

సేఠు చిన్నదాని తాడు గుంజాడు. అది తుమ్మెదలా సన్నగా మూలిగి, అట్లాగే నడుస్తూ పోయింది. నాయిన మొహం వాడిపోయింది.

“దీనికి పానం మంచిగ లేదు,” అన్నాడు. “అంగట్ల గిట్ల సప్పుడు లేకుంట నిలబడ్డదాన్ని నేనెన్నడు తోలుకరాలె. ఇంటికొచ్చినంక పండుకుంటది.”

తర్వాత పెద్దదాని తాడు గుంజాడు. అరల్లో ఉన్న నట్లు బోల్టుల డబ్బాలు గలగలలాడాయి. ఎదురుగా మిరపకాయ బజ్జీలు వేసే మనిషి జల్లిగంటె పట్టుకుని ఇటు తిరిగాడు. మందను అమ్మేశాక నాయిన అంత నిండుగా నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. గొంతంటే ఇదీ అన్నాడు.

ఇక్కడే నా పాత కథలో మొదటి అబద్ధం ఉంది. నేను ఎప్పుడు చెప్పినా, నాయిన పట్టుబట్టి ఆ అరిచేదాన్నే కొనిపించాడని చెప్పేవాణ్ని. జరిగింది వేరు. నాయిన నా వైపు తిరిగి, “నాకు దెలిసింది నేను జెప్పిన కొడుకా. నువ్వు మిషన్లల్ల ఉంటవు, నువ్వు జెప్పు,” అన్నాడు. సేఠు కూడా, ఇంటికి, ఫ్రిజ్‌కు, మిక్సీకి చిన్నదే చాలునన్నాడు. నిర్ణయం పూర్తిగా నా చేతిలో ఉంది. నా బుర్రలో రెండే ఆలోచనలు తిరిగాయి. మా ఫ్యాక్టరీలో బండల్ని కోసే మిషను చెవులు పగిలేలా అరుస్తుంది, కాబట్టి బలమంటే అరుపే. రెండోది చెప్పడానికి సిగ్గుగా ఉంది: ఆ సూట్‌కేసును ఇంటికి తీసుకుపోతే మా ఇంట్లో జనరేటర్ ఉన్నట్టు ఎవరికీ వినబడదు. ఎవరికీ వినబడకపోతే ఇక కొని ఏం లాభం? పెద్దదే ఇయ్యి సేఠ్ అన్నాను.

సేఠు కట్టి ఇస్తూ నా మొహంలోకి చూసి నెమ్మదిగా చెప్పాడు. “బయట పెట్టాలె. గోడ అవతల, గాలి ఆడేకాడ. దీని పొగ ఇంట్లకు రావొద్దు. సమజైందా?” నేను పుట్టుకతోనే ఈ సంగతి తెలిసినవాడిలా తలూపి, ఇదే నీలం రంగులో ఏమైనా ఉందా అని అడిగాను.

లోపలి పెట్రోలు ఒంపేయించి, నాయిన గొంగడిలో దాన్ని చుట్టి, ఆయన ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుని సాయంత్రం రైలు ఎక్కించాం. నాయిన దాని మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. ధారూర్‌లో ఎక్కిన ఒక ముసలామె, గొంగడి కింద ఏమిటి, దూడనా అని అడిగింది. కొత్తది, బెదురుతుంది, చెయ్యి పెట్టకు అన్నాడు నాయిన. ఆమె వికారాబాదు దాకా కాళ్లు పైకి ముడుచుకుని కూర్చుంది.

మా ఇళ్లల్లో ఒక ఆనవాయితీ ఉంది. కొత్తగా కొన్న జీవాన్ని (గొర్రెనైనా మేకనైనా మేము జీవమనే అంటాం) మొదటి కొన్ని రోజులు బయట కట్టరు. చలికి, వానకు, పదిమంది కళ్లకు దూరంగా నడిమి అర్రలో ఉంచి, పసుపు కుంకుమ పెట్టి, సాంబ్రాణి వేసి, ఇంటి వాసన దానికి అలవాటు చేస్తారు. నాయిన ఆ జనరేటర్‌కు అన్ని మర్యాదలూ చేశాడు. నుదురు ఎక్కడో తెలియక తాడు లాగే చోట బొట్టు పెట్టాడు. వదిన దిష్టి తీసింది. నేను చదువుకున్నవాణ్ని కాబట్టి నవ్వాను. నవ్వి, నేనూ ఒక చుక్క పసుపు పెట్టాను.

సోమవారం పనికి సెలవు పెట్టి, పొద్దున్నే దాన్ని పెరట్లోకి తెచ్చి, పెట్రోలు పోసి ఒకసారి నడిపి చూశాను. వెనకింటి బర్రె పలుపు తెంపుకుని స్టేషన్ వైపు పరుగు తీసింది. నాలుగు ఇళ్ల అవతల నుంచి ఒకామె వచ్చి, మీ ఇంట్లో బండలు కోస్తున్నారా అని అడిగింది. నా ఛాతీ ఇంత ఎత్తున పొంగింది. వంటింటి వెనక వదిన బోటి కడుగుతోంది. వేడినీళ్లతో, ఉప్పుతో, పసుపుతో, పేగుల్ని పుల్లతో తిప్పి తిప్పి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగింది. ఈ సంగతి నాకెట్లా తెలుసంటే, పక్కన నిలబడి చెంబుతో నీళ్లు పోసింది నేనే. దయచేసి ఈ ముక్క గుర్తుంచుకోండి.

మధ్యాహ్నానికి ముసురు పట్టింది. మేనేజరు, ఆయన డ్రైవరు గొడుగు కింద వచ్చి ముందు అర్రలో కూర్చున్నారు. వదిన బిడ్డ బడికి పోయింది. పీటల ముందు విస్తర్లు వేస్తుండగానే, మేము అనుకున్నట్టే, కరెంటు పోయింది. నేను పెరట్లోకి పరుగెత్తాను. చినుకులు పెద్దవయ్యాయి. జనరేటర్ మీద నీళ్లు పడి బొట్టు కారిపోతోంది. నాయిన గడపలో నిలబడి, “కొత్త జీవం తడుస్తున్నది, లోపలికి తే కొడుకా,” అన్నాడు. సేఠు చెప్పిన మాట ఆ క్షణాన గుర్తుకు రాలేదంటే అది ఇంకో అబద్ధమవుతుంది. గుర్తుకు వచ్చింది. కాసేపటికే ఏమవుతుందిలే అనుకున్నాను. ఇద్దరం కలిసి దాన్ని నడిమి అర్రలోకి మోసుకొచ్చాం. జల్లు కొడుతోందని కిటికీ మూశాను. నాయిన వెనక తలుపు కూడా దగ్గరికి వేసి, దాని పక్కనే గొంగడి పరుచుకుని కూర్చుని, సాంబ్రాణి వేశాడు. నేను తాడు గుంజాను. ముందు అర్రలో ఫ్యాను తిరిగింది, వంటింట్లో ఫ్రిజ్ ఒక్కసారి గుంజులాడి నడిచింది. మేనేజరు ఆ ఫ్రిజ్‌ను తలుపు తీసి చూసి, నా వైపు బొటనవేలు ఎత్తి చూపించాడు. వదిన కళ్లలో వెలుగు చూశాను. అన్న లారీ దిగి మెట్ల మీద నిలబడ్డట్టే అనిపించింది.

భోజనం మొదలయ్యాక తెలిసింది, ఆ గొంతు ముందు మనుషుల గొంతు పనికిరాదని. ఒకరి మాట ఒకరికి వినబడక అందరం చేతులతో మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. మేనేజరు బోటి నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు, తర్వాత వేళ్లు కలిపి పెదాలకు తాకించాడు. వదిన ఇంకాస్త వేసింది. కాసేపటికి ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆహా, అంత నచ్చిందన్నమాట అనుకుని వదిన మళ్లీ వేసింది. ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టి వద్దన్నాడు. మా వైపు ఇంటికి వచ్చినవాళ్లు మర్యాదకు ముందు వద్దనే అంటారు, వడ్డించేవాళ్లు అది లెక్కలోకి తీసుకోరు. వదిన ఇంకో గరిటె వేసింది. డ్రైవరు గోడకు తల ఆనించి ఎటో చూస్తున్నాడు. తృప్తిగా తిన్న మనిషి అట్లాగే ఉంటాడనుకున్నాను. నా కణతల్లో సుత్తితో కొడుతున్నట్టుంటే, అది సంతోషం వల్లనేమో అనుకున్నాను.

అప్పుడు మేనేజరు లేచి, గోడ పట్టుకుని వాకిట్లోకి పోయి, వానలో కూలబడి వాంతి చేసుకున్నాడు. వెనకే డ్రైవరు పోయాడు. వంటింటి గడప మీద వదిన తల పట్టుకుని కూర్చుండిపోయింది. నేను తూలుకుంటూ నడిమి అర్రలోకి పోయేసరికి నాయిన గొంగడి మీద పక్కకు ఒరిగి ఉన్నాడు. మిషను ఆపి, ఆయన చంకల కింద చేతులు వేసి వానలోకి లాక్కొచ్చాను. ఎంత బరువున్నాడో, ఎంత మెత్తగా ఉన్నాడో ఇప్పటికీ నా చేతులకు గుర్తుంది. వదిన తనంతట తనే గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. చల్లగాలి, చినుకులు మొహాన పడుతుంటే నాయిన కళ్లు తెరిచాడు. మిగతావాళ్లు కూడా మెల్లగా తేరుకున్నారు.

ఎవరో మా బస్తీ డాక్టరును పిలుచుకొచ్చారు. ఆయన అందరి చేతులూ పట్టి చూసి, ఏం తిన్నారని అడిగాడు. అందరి చూపూ ఒక్కసారి వంటింటి వైపు పోయింది. “బోటి సార్. మంచిగనే కడిగిన,” అన్నది వదిన, ఎవరూ ఏమీ అనకముందే. మేనేజరు నా వైపు చూశాడు. తిండికి ముందు ఆయనకు నేను ఈ జనరేటర్‌ను ఎంత జాగ్రత్తగా ఏరి తెచ్చానో, ఫ్రిజ్ మూడింతలు ఎట్లా గుంజుతుందో అంతా చెప్పి ఉన్నాను. దాన్ని ఇంట్లో నడపొద్దని సేఠు ముందే చెప్పిన సంగతి ఇప్పుడు ఎట్లా చెప్పను?

“యాడ్నో సరిగ్గ కడగకపోయి ఉండొచ్చు సార్,” అన్నాను.

ఆ మాట అన్నది నేను. పొద్దున చెంబుతో నీళ్లు పోసినవాణ్ని. వదిన నన్ను చూడలేదు. కిందికి చూస్తూ కొంగుతో చేతులు తుడుచుకుంది, అప్పటికే పొడిగా ఉన్న చేతుల్ని.

సాయంత్రం నాయినకు అటుకులు తడిపి తీసుకుపోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ఇంకా దీపం పెట్టలేదు, ఒక్కపొద్దు విడవలేదు అన్నాడు. సోమవారాలు ఆయన పొద్దంతా ఏమీ ముట్టడన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. అందరికంటే ఎక్కువగా పడిపోయిన మనిషి ఒక్క మెతుకు కూడా తినలేదు, మిషను పక్కన కూర్చుని దాని పొగ పీల్చాడంతే. మధ్యాహ్నం ఆ బోటినే గిన్నెల్లో పట్టుకుపోయిన ఇరుగుపొరుగు అరుగుల మీద కూర్చుని హాయిగా మా గురించి మాట్లాడుకుంటున్నారు. ముందు తలుపు కూడా మూసి ఉంటే, ఇంకాసేపు అట్లాగే కూర్చుని ఉంటే... ఈ వాక్యాన్ని ఇన్నేళ్లయినా నేను పూర్తి చేయలేకపోతున్నాను. ఇంత తెలిసినా నోరు విప్పలేదు. రేపు చెబుదామనుకున్నాను. రేపటికి ఆర్డరు పోయిందని కబురు వచ్చింది, సంగతి విని వచ్చిన అన్న మళ్లీ బండలు వేసుకుని లారీలో వెళ్లిపోయాడు, ఇక చెప్పి ఏం లాభమని అనిపించింది. నాయిన ఎవరిదో దిష్టి తగిలిందని చివరిదాకా నమ్మి, కొన్నేళ్లకు ఆ నమ్మకంతోనే కన్ను మూశాడు. జనరేటర్‌ను పెళ్లిళ్లకు మైకుసెట్లు పెట్టే మనిషికి ఇచ్చేశాం.

ఆ తర్వాత నేను చేసింది ఇంకా అన్యాయం. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఈ కథ చెప్పడం మొదలుపెట్టాను, బోటి తిని మేనేజరు పడిపోయిన కథగా. నాకు చెప్పడం బాగా వచ్చు, ఆయన చేతులు అడ్డం పెట్టడం, వదిన గరిటె వేయడం అభినయించి మరీ చూపించేవాణ్ని. జనం పడీపడీ నవ్వేవారు. బంధువుల్లో ఆమెకు 'బోటి వదిన' అన్న పేరు పడింది. వాడకట్టు నుంచి ఖాళీ గిన్నెలు రావడం ఆగిపోయింది. వదిన మళ్లీ బోటి ముట్టలేదు. కానీ ఊరికే కూర్చోనూ లేదు. కరెంటుతో, మాంసంతో, మేనేజర్లతో పని లేని వంట ఏముందో చూసుకుని, ఇంటి ముందు కట్టెల పొయ్యి పెట్టి జొన్న రొట్టెలు కొట్టడం మొదలుపెట్టింది. ఎండలో, వానలో, పండుగ పూట కూడా పొయ్యి ఆర్పలేదు. కొన్నేళ్లకు అనంతగిరి పోయే దారిలో రేకుల షెడ్డు వేసుకుంది. అన్న నిజంగానే లారీ దిగి ఆ షెడ్డులో పొట్లాలు కట్టే పనిలో కుదురుకున్నాడు. అప్పటికి బిడ్డ వాళ్ల నాయిన భుజం దాకా ఎదిగింది. ఆ మధ్యలో పోయిన ఏళ్లు ఎవరి ఖాతాలో వేయాలో నాకు తెలుసు.

ఈ మధ్య ఒక ఆదివారం నేను ఆ షెడ్డులో కూర్చుని ఉన్నాను. రొట్టెల కోసం వచ్చిన ఒకాయన, అన్నీ ఉన్నాయి, బోటి ఎందుకు చేయవమ్మా అని అడిగాడు. అలవాటు కొద్దీ నేను గొంతు సవరించుకుని, చేతులు కూడా ఎత్తాను అభినయానికి. అప్పుడు వదిన గోంగూర కడుగుతోంది. ఒకసారి కడిగింది, నీళ్లు వంపింది, మళ్లీ కడిగింది, వెలుతురుకు పట్టి చూసింది, మళ్లీ నీళ్లు పోసింది. ఆకు నలిగి నల్లబడుతోంది. అన్న పక్క నుంచి, చాల్లే ఇక అన్నాడు, రోజూ అనే మాటలాగా. ఈమె ఇట్లా కడగడం నేను ఇన్నేళ్లుగా చూస్తూనే ఉన్నాను, శుభ్రమైన మనిషి అనుకుంటూ. ఆ రోజు ఎందుకో నా మాటే ఆ నీళ్లలో తేలుతున్నట్టు కనబడింది. ఎత్తిన చేతులు దించేశాను. దించి, ఆ వచ్చినాయన ముందే, అన్న ముందే, సేఠు చెప్పిన మాట నుంచి నాయిన ఒక్కపొద్దు దాకా అంతా చెప్పేశాను. చెబుతుంటే ఎవరూ నవ్వలేదు. ఆ కథకు ఎవరూ నవ్వకపోవడం నాకు కొత్త.

వదిన గోంగూరను పక్కన పెట్టింది.

“మామ ఆ దినం ఒక్కపొద్దుండె,” అన్నది నెమ్మదిగా. “నాక్కూడ తెలుసు. తెలిసి కూడ నా చేతినే అనుమానిచ్చిన.” తర్వాత నా వైపు తిరిగింది. “ఎంతమందికి చెప్పినవ్ మర్దీ, గా ముచ్చట?”

“లెక్క లేదు వదినా.”

“గంతమందికి మల్ల చెప్పాలె. ఒక్కొక్కల ఇంటికి తిరుగుతవో, పేపర్ల రాస్తవో నాకు దెల్వది. నవ్విచ్చుకుంట చెప్పినవ్ గద, గిప్పుడు గూడ గట్లనే చెప్పు. ఏడ్సుకుంట చెప్తే ఎవ్వలు వినరు.”

అన్న పొట్లం కట్టే దారం ఇంకాస్త గట్టిగా బిగించాడు. ఆయన కోపం నాతో ఇంకా పూర్తిగా తేలలేదు, తేలే దాకా ఆ షెడ్డుకు పోతూనే ఉంటాను. వదిన వేసిన శిక్ష మాత్రం ఇదిగో, మీరు చదువుతున్నది.

మరుసటి ఆదివారం షెడ్డు ముందు బోర్డు మీద సుద్దతో 'బోటి' అన్న కొత్త ముక్క చేరింది. మొదటి విస్తరి నాకే వేశారు. వదిన ఎదురుగా నిలబడి, నడుము మీద చేతులు పెట్టుకుని చూసింది. అన్న పొట్లాలు వదిలేసి చూశాడు. వాళ్ల బిడ్డ ఫోను ఎత్తి పట్టుకుంది. నేను తిన్నాను. అదే రుచి, నీళ్లు పోసిన రోజుదే. వదిన గరిటె ఎత్తింది, నేను వద్దనలేదు, మళ్లీ ఎత్తింది, అప్పుడూ వద్దనలేదు. ఒకరిద్దరు గిరాకులు నన్ను చూసి, మాకూ అదే అన్నారు. ఆమె మొహంలోకి అప్పుడు వచ్చిన దాన్ని నేను వర్ణించలేను గానీ, దాని కోసం ఇంకో రెండు గరిటెలు తినడానికైనా సిద్ధపడ్డాను, తిన్నాను కూడా.

ఉన్నదున్నట్టు రాస్తానని మాటిచ్చాను కాబట్టి ఇది కూడా రాయాలి. ఇంటికి వచ్చాక నా కడుపు నన్ను నిలవనీయలేదు. కారం, నూనె ముట్టవద్దని డాక్టరు నాకు చాలాకాలంగా చెబుతున్నాడు, అది వదినకు తెలియదు. మా ఆవిడ మజ్జిగ ఇస్తూ, ఏం తిన్నారని అడిగింది. అదే ప్రశ్న. నోటి దాకా వచ్చిన మాటను పట్టుకుని, కూరలో ఏ దోషమూ లేదు, తిన్న మనిషి పాతబడ్డాడు అన్నాను. ఒకప్పుడు ఇంతకు రెండింతలు తిని, మీద బెల్లం ముక్క అడిగి, చేయి కడుక్కుని రైలు వెనకాల పరుగెత్తినవాణ్ని. ఆ కుర్రవాడు ఎదురైతే చెవి మెలిపెట్టి నాలుగు మాటలు అనాలని ఉంటుంది, అతని అరుగుదల మాత్రం కాస్త అప్పు ఇమ్మని అడగాలనీ ఉంటుంది. పొద్దున వదిన ఫోను చేసి, ఎట్లున్నవ్ మర్దీ అంది. మజ్జిగ గ్లాసు వెనక దాచుకుని, వచ్చే ఆదివారం మళ్లీ వస్తున్నానని చెప్పాను.